"మీది ఏ ఊరు?" దగ్గరే ఆగిపోయిన ఇంటర్వ్యూ: పుణెలో తెలుగు సెక్స్ వర్కర్ల మీద రీసెర్చ్, సలహా కావాలి

కరువుసీమ | శనివారం రాత్రి 11:42

అందరికీ నమస్తే, పోస్టు పెద్దది, ఓపిగ్గా చదవండి. నేను పుణెలో పీహెచ్‌డీ రెండో ఏడాది. బుధవార్ పేఠ్‌లో పనిచేసే తెలుగు ఆడవాళ్ళ మీద చేస్తున్నా. కులం, వలస, భాష, చట్టం ఇవన్నీ ఒకే మనిషి మీద ఒకేసారి ఎట్లా పడతాయో చూడాలని, ఇంటర్‌సెక్షనల్ అప్రోచ్ అంటారు కదా, అది. మాది ఉమ్మడి అనంతపురం జిల్లా. మా కదిరి వైపు, అటు రాయచోటి వైపు పల్లెల్లో కరువొచ్చిన ఏడు ఫలానా ఆమె "బొంబాయికి పోయిందంట" అంటే ఇంక దాని తర్వాత ఎవరూ ఏమీ అడగరు, ఆ మనిషి లెక్కలోంచి పోయినట్టే. చిన్నప్పటి నుంచి ఆ మాట వింటూ పెరిగా, అందుకే ఈ టాపిక్ పట్టుకున్నా.

సినాప్సిస్‌లో ఒక వాక్యం రాసుకున్నా, పరిశోధకురాలి మాతృభాష తెలుగు కావడం ఈ అధ్యయనానికి పెద్ద బలం అని. ఆ బలం ఏమైందో చెప్తా.

పోయిన నెల ఒక మధ్యాహ్నం. ఆమె చాటలో బియ్యం ఏరుకుంటా ఉంది. నన్ను తీసుకెళ్ళిన పీర్ వర్కర్ (అదే పనిలో ఉంటూ తోటివాళ్ళకి సాయం చేసే ఆమె) హిందీలో పరిచయం చేసింది. నేను తెలుగులో మాట్లాడేసరికి ఆమె మొహం విప్పారింది, "అయ్యో తెలుగు పిల్లవా, కూర్చో కూర్చో, అన్నం తిన్నావా" అని చాప జరిపింది. ఫారంలో మొదటి ప్రశ్న అడిగా, మీది ఏ ఊరక్కా అని. చాటలో చెయ్యి ఆగిపోయింది. "హైదరాబాద్" అనింది. "యాడ", "ఉండాది", "సేసినా" అనే మనిషి, మాట వింటేనే మా వైపు అని తెలిసిపోతా ఉంది, అయినా నేనేం అనలేదు. అప్పుడు ఆమె అడిగింది నీది ఏ ఊరని, చెప్పా. ఇంటిపేరేంది అనింది, చెప్పా. అంతే. అప్పటిదాకా "నువ్వు" అంటున్న మనిషి "మీరు"లోకి మారిపోయింది. "అడగండమ్మా మీరు" అనింది. తర్వాత నలభై నిమిషాలు నేను తెలుగులో అడుగుతుంటే ఆమె హిందీలో జవాబు చెప్పింది.

గైడ్ గారేమో కులం ఒక చాప్టర్, వలస ఒక చాప్టర్, భాష ఒక చాప్టర్, చట్టం ఒక చాప్టర్ పెట్టమంటున్నారు. మంచివారే, ఆయన మీద ఫిర్యాదు కాదు. కానీ ఆ చెయ్యి ఆగిపోవడం ఏ చాప్టర్‌లో రాయాలి నేను? దయచేసి ఫీల్డ్‌లో తిరిగినవాళ్ళు చెప్పండి.

(ఎడిట్: ఒక వివరం తీసేశా, కింద మోడరేటర్ గారు చెప్పాక.)

లెక్కలమాస్టారు | ఆదివారం ఉదయం 7:15

అమ్మా, నేను పదేళ్ళు హెచ్‌ఐవీ సర్వేల్లో డేటా వైపు పనిచేశాను. మీ ఇబ్బందికి మా వైపు ఒక పద్ధతి ఉంది. కులం, వలస రెండూ విడివిడిగా మోడల్‌లో వేసి ఊరుకోకుండా రెండిటినీ గుణించి ఇంటరాక్షన్ టర్మ్ వేస్తారు, అప్పుడు రెండూ కలిసినచోట అదనంగా ఏం జరుగుతుందో బయటపడుతుంది. అలాగే మీ పుణె ఎకనామిక్స్ పరిశోధకులే 14 రాష్ట్రాల్లో 3000 మంది ఆడవాళ్ళను అడిగి చేసిన దేశవ్యాప్త సర్వే 2011లో వచ్చింది, అది తప్పక చూడండి. వాళ్ళలో చాలామంది ఈ పనికి ముందో దీనితో పాటో ఇళ్ళల్లో పాచిపని, కూలిపని, చిన్నచిన్న ఫ్యాక్టరీ పనులు చేసినవాళ్ళే. అంటే "ఈ లైన్‌లోకి ఎలా వచ్చారు" అన్న ఒక్క ప్రశ్నకంటే "ఏ ఏ పనులు చేశారు, ఎందుకు మానేశారు" అనేది ఎక్కువ చెబుతుంది. నాలుగు ఇంటర్వ్యూలతో తీర్మానానికి రాకండి అని మాత్రం చెబుతాను, శాంపిల్ పెంచండి.

గోదారిగట్టు | ఆదివారం ఉదయం 9:50

మాస్టారూ మీ మీద గౌరవంతోనే చెప్తున్నానండి, ఆ గుణకారం చెయ్యాలంటే ముందు ఆ గడుల్లో నిజం పడాలి కదండీ. నేను రాజమండ్రిలో అవాహన్ అనే హెచ్‌ఐవీ నివారణ ప్రోగ్రామ్ టైములో ఔట్‌రీచ్ వర్కర్‌ని. గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో 2003లో ఆరు రాష్ట్రాల్లో మొదలైంది కదా, మన ఆంధ్ర అందులో ఒకటి. మాకు రిజిస్టర్ ఉండేదండి, ప్రతి మనిషికి ఒక వరస, దాంట్లో ఒక గడి: కంపెనీలో (అంటే వ్యభిచార గృహంలో) ఉంటుందా, రోడ్డు మీదా, లాడ్జీలోనా, ఇంట్లోనా. ఏదో ఒకటే టిక్కు పెట్టాలి.

ఒకావిడ ఉండేది, పేరు చెప్పను. వేసవిలో మిరపకోతకి గుంటూరు వైపు పోయేది, అక్కడ కూలీ. వానాకాలం రాజమండ్రిలో, రోడ్డు మీద. సంక్రాంతికి కోడిపందేల బరులు పడతాయి కదా, ఆ నాలుగు రోజులు భీమవరం వైపు. మధ్యలో "కాంట్రాక్టు" మీద ఇంకో ఊరు రెండు నెలలు, ముందే రేటు మాట్లాడుకుని అడ్వాన్సు తీసుకుని వెళ్తారు, దాన్ని కాంట్రాక్టు అనే అంటారు. మరి ఈవిడకి నేను ఏ గడిలో టిక్కు పెట్టాలండీ? రోడ్డు అని పెట్టాను. రెండు నెలలు కనపడకపోతే "డ్రాపవుట్" అని రాసేదాన్ని. మా రిపోర్టులో ఆవిడ పోగొట్టుకున్న కేసు, ఆవిడ లెక్కలో మాత్రం అది బాగా సంపాదించిన రెండు నెలలు. కండోమ్ లెక్క, చెకప్ లెక్క అన్నీ రాసేవాళ్ళం గానీ ఆవిడ ఎందుకు కదులుతుందో రాయడానికి ఒక్క గడీ లేదు.

ఇంకోటి. గోవాలో వాస్కో పక్కన బైనా బీచ్ ఉంది కదా, అక్కడ ఈ పనిలో ఉన్న ఆడవాళ్ళలో మన ఆంధ్రవాళ్ళు, కర్ణాటకవాళ్ళు చాలామంది. హైకోర్టు 2003 ఆర్డర్ తర్వాత 2004 జూన్‌లో, వానల్లో, ఇళ్ళు కూలగొట్టేశారు. అప్పుడు అక్కడ వినపడిన మాట ఏంటంటే వీళ్ళు బయటివాళ్ళు, వీళ్ళ రాష్ట్రానికి వీళ్ళని పంపెయ్యండి అని. మా దగ్గరికి కొంతమంది తిరిగొచ్చారు. ఇరవై ఏళ్ళు అక్కడే ఉన్న మనిషికి ఇక్కడ రేషన్ కార్డూ లేదు, అక్కడ ఇల్లూ లేదు. ఇక్కడి ఊళ్ళో ఆవిడ గోవా మనిషి, గోవాలో ఆంధ్రా మనిషి. ఆవిడ నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది, "మేడమ్, నన్ను యే రిజిస్టర్లో రాయాలన్నా మీకు కష్టమే."

పాలమూరు_పోరి | ఆదివారం మధ్యాహ్నం 1:08

చెల్లె, నీకు ఆ రోజు ఆమె "మీరు" అన్నప్పుడు దెబ్బ తగిలింది కదా. నీ మనసు మంచిదే, నాకు తెలుస్తుంది. కాని ఒకటి చెప్తా ఏమనుకోకు. ఇంటిపేరు చెప్పంగనే ఎదుటి మనిషి మొఖం మారుడు మాకు బడికి పోయిన మొదటి రోజు నుంచి ఎరుకే. నీకు ఇప్పుడు ఎదురైంది, అది కూడా ఉల్టా దిక్కు నుంచి. నువ్వు అది దాచకుండ రాసినవు, అందుకే నేను జవాబు రాస్తున్న.

మాది నారాయణపేట దిక్కు. మా అమ్మమ్మ జోగిని, దేవుని పేరు మీద ఇడిచిన మనిషి. 1988ల చట్టం వచ్చింది, జోగిని, బసివి, మాతమ్మ అన్నీ బంద్ అని కాయిదం మీద రాసిండ్రు. చట్టం వచ్చినంక గూడ జాతరల మా అమ్మమ్మను పిలిచేటోళ్ళు పిలిచిండ్రు. గ్రామం మొత్తానికి ఆమె మీద హక్కు ఉన్నట్టు చూసేటోళ్ళు, ఆమెకు మాత్రం ఊర్ల గుంట భూమి లేదు. మా అమ్మ బడి ఫారంల తండ్రి పేరు కాడ ఖాళీ. ఆ ఖాళీ చూసి సారు ఏం అన్నడో అమ్మ నాకు ఎన్నడు చెప్పలేదు, బడి మాత్రం అయిదుల బంద్ చేసింది.

ఇగ నువ్వు చెప్పు, ఇది కులం చాప్టరా, ఆడతనం చాప్టరా, భూమి చాప్టరా? కరువు అందరికీ వస్తది. కరువుల భూమి ఉన్నోడు అప్పు తెస్తడు, భూమి లేనోడు లేబర్‌కు పోతడు, భూమి లేని మాదిగ ఇంట్ల మొగడు సచ్చిన ఆడమనిషి ఏడికి పోతది? ఈ మూడింటిల ఏ ఒక్కటి తీసేసినా ఆమె పుణెకు పోకపోవు. పీటముడి అది. ఒక్కో దారం గుంజి చూపిస్తా అంటే ముడి ఇంకింత బిగుస్తది గాని విడదు.

మళ్ళ ఒకటి. బొంబాయిల రెడ్‌లైట్ ఏరియా కామాటీపురా పేరు ఏడికెల్లి వచ్చిందో తెలుసా మీకు? మన దిక్కు నుంచి, నిజాం రాజ్యం నుంచి పోయిన తెలుగు కూలోళ్ళను కామాటీలు అనేటోళ్ళు, ఇండ్లు కట్టనీకి, రోడ్లు వెయ్యనీకి పోయినోళ్ళు. ఆళ్ళు ఉన్న గల్లీలే కామాటీపురా. అండ్లనే తెల్లదొరల కాలంల యూరప్ ఆడోళ్ళు ఉన్న గల్లీని సఫేద్ గల్లీ అన్నరు. తెల్లోళ్ళ ఆడోళ్ళు నేటివ్ మొగోళ్ళకు దొరుకుతుండ్రంటే దొరల పరువు పోతదని ఆళ్ళ మీద పోలీసోళ్ళ కన్ను ఒక తీరు, మనోళ్ళ మీద ఒక తీరు. రంగు, జాతి అంటే ఫారిన్ ముచ్చట అనుకునేటోళ్ళు ఆ గల్లీ సంగతి చదవాలె.

మోడరేటర్ | ఆదివారం మధ్యాహ్నం 2:20

కరువుసీమ గారూ, మీ మొదటి పోస్టులో ఆ గది కిటికీలోంచి ఏం కనపడుతుందో రాశారు. ఆ వీధి తెలిసినవాళ్ళకి బిల్డింగ్ తెలిసిపోతుంది. దయచేసి తీసెయ్యండి. మిగతా సభ్యులు కూడా ఎవరి గురించి రాసినా ఊరు, వయసు, పిల్లల సంఖ్య మూడూ కలిపి రాయొద్దు, విడిగా ఏమీ కాకపోయినా మూడూ కలిస్తే మనిషి దొరికిపోతుంది.

కరువుసీమ | ఆదివారం మధ్యాహ్నం 2:31

తీసేశా. సారీ. అసలు అది నాకు తట్టనే లేదు, అదే భయంగా ఉంది, ఇక్కడే ఇట్లా రాసేశానంటే ఫీల్డ్ నోట్స్‌లో ఎన్ని ఉన్నాయో. ఈ రాత్రికి కూర్చుని అన్నీ చూస్తా.

నల్లకోటు | ఆదివారం సాయంత్రం 5:44

ఫీల్డ్ నోట్స్ మాట వచ్చింది కాబట్టి ముందు అది. మన దేశంలో లాయరుకు క్లయింటు చెప్పింది బయటపెట్టక్కర్లేదన్న రక్షణ ఉంది, రీసెర్చ్ చేసేవాళ్ళకు అలాంటి రక్షణ చట్టంలో లేదు. పోలీసులు మీ రికార్డింగులు అడిగితే "యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీకి మాటిచ్చాను" అన్నది గట్టిగా నిలబడదు. కాబట్టి అసలు లేనిదాన్ని ఎవరూ తీసుకోలేరు అన్న లెక్కన నడవండి. ఫోన్ నంబర్లు ఒకచోట, గొంతు ఒకచోట, అసలు పేరు ఎక్కడా వద్దు. సంతకం పెట్టించుకునే కన్సెంట్ ఫారం బదులు నోటిమాట కన్సెంట్ తీసుకోవడానికి కమిటీని ఒప్పించండి, ఆ సంతకం ఒక్కటే ఆమెను ఆ గదికి కట్టేసే కాగితం అవుతుంది. హెచ్‌ఐవీ స్టేటస్ సంగతి వస్తే 2017 చట్టం ప్రకారం ఆమె అనుమతి లేకుండా బయటపెట్టకూడదు, అది కూడా గుర్తుంచుకోండి.

ఇక చట్టం ఒక చాప్టర్ అన్నారు. 1956 చట్టం ఇమ్మోరల్ ట్రాఫిక్ యాక్ట్‌లో ఒంటరిగా తన గదిలో ఈ పని చెయ్యడం దానంతటదే నేరమని లేదు, గుడి, బడి లాంటి చోట్లకి దగ్గర్లో అయితే తప్ప. కానీ చుట్టూ ఉన్నవన్నీ నేరాలే. సెక్షన్ 4 చూడండి, ఆమె సంపాదన మీద బతికే పద్దెనిమిది దాటినవాళ్ళకి రెండేళ్ళ దాకా శిక్ష. ఆమె డబ్బుతో డిగ్రీ చదువుకునే కొడుక్కి పద్దెనిమిది నిండిన రోజు నుంచి వాడు కూడా ఆ సెక్షన్ నీడలోకి వస్తాడు. సెక్షన్ 20 ఇంకా ఉంది, మేజిస్ట్రేట్ ఒక మనిషిని ఫలానా చోటు నుంచి వెళ్ళిపొమ్మని ఆర్డర్ ఇవ్వొచ్చు. ఇది ఎవరి మీద పడుతుంది? స్థానికురాలికి అన్నదమ్ములుంటారు, వార్డు మెంబరు తెలుసుంటాడు. బయటి రాష్ట్రం నుంచి వచ్చి, మరాఠీ రాక, కార్డు లేక ఉన్న మనిషికి ఆ సెక్షన్ బరువు వేరు. చట్టం వాక్యం ఒకటే, అది పడే భుజాలు వేరు. మీ చట్టం చాప్టర్‌లో ఇది లేకపోతే ఆ చాప్టర్ నేను చదువుకున్న లా కాలేజీ నోట్సే.

సుప్రీంకోర్టు 2022 మే 19న బుద్ధదేవ్ కర్మస్కర్ కేసులో ఇచ్చిన ఆదేశాలు చదివే ఉంటారు. రెయిడ్‌లో దొరికినవాళ్ళని వేధించొద్దు, మీడియా మొహాలు చూపించొద్దు, అడ్రస్ ప్రూఫ్ లేకపోయినా నాకో (NACO, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ) అధికారి సర్టిఫికెట్ మీద ఆధార్ ఇవ్వాలి. అంతకుముందు 2020 సెప్టెంబర్‌లో గుర్తింపు కార్డు అడక్కుండా రేషన్ ఇవ్వమని కూడా ఇదే కేసులో చెప్పింది. మీ ఫీల్డ్‌లో ఎవరికి అందింది ఎవరికి అందలేదు అని అడగండి, వలస, భాష, కులం అన్నీ ఆ రేషన్ బస్తా చుట్టూ తిరుగుతూ కనపడతాయి. ఎందుకంటే ఆ లిస్టు నాకో దగ్గర ఉన్న లిస్టు. గోదారిగట్టు గారు చెప్పిన డ్రాపవుట్‌లు ఆ లిస్టులో ఉంటారా?

ఇంకొక మాట, లా పరిశోధకురాలు ప్రభా కోటీశ్వరన్ గారు కోల్‌కతా రెడ్‌లైట్ ఏరియా సోనాగాచీతో పాటు మన తిరుపతిని కూడా తీసుకుని పని చేశారు. తిరుపతిలో సోనాగాచీ లాంటి ప్రత్యేకమైన ఏరియా లేదు, లాడ్జీలు, బస్టాండు, ఇళ్ళు. అందుకే అక్కడ అదే చట్టం వేరేగా పనిచేస్తుంది. మీరు పుణె ఒక్కటే పట్టుకుంటే ఆ తేడా కనపడదు.

ఆశ్రయం_అక్క | ఆదివారం రాత్రి 9:03

నేను షెల్టర్ హోమ్‌లో పన్నెండేళ్ళుగా పనిచేస్తున్నాను. ఇక్కడ అందరూ సెక్స్ వర్కర్, సెక్స్ వర్కర్ అని రాస్తున్నారు, నాకు కష్టంగా ఉంది. మా దగ్గరికి వచ్చిన వాళ్ళలో పదిహేనేళ్ళ పిల్లలున్నారు. సొంత మేనత్తే పని ఇప్పిస్తానని తీసుకెళ్ళి అమ్మేసిన పిల్ల ఉంది. అప్పు అంటారు, ఆ అప్పు ఎప్పటికీ తీరదు, చీర కొంటే అప్పు, జ్వరం వస్తే అప్పు. వీళ్ళందరినీ వర్కర్ అంటే ఆ అమ్మినవాడు యజమాని అయిపోతాడు, అంతేకదా? నేను పోట్లాటకి రాలేదు, మీ రీసెర్చ్‌లో ఈ పిల్లలు ఎక్కడుంటారో చెప్పండి.

గోదారిగట్టు | ఆదివారం రాత్రి 9:40

అక్కా, పదిహేనేళ్ళ పిల్లని ఎవరూ వర్కర్ అనరండి, అనకూడదు కూడా. మా పీర్ ఎడ్యుకేటర్లే, అంటే ఆ పనిలో ఉన్న ఆడవాళ్ళే, చిన్నపిల్ల కనపడితే ముందు మాకు ఫోన్ చేసేవాళ్ళు. కానీ ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, ముగ్గురు పిల్లల్ని ఈ సంపాదనతోనే చదివిస్తున్నావిడ, ఆవిడ్ని కూడా అదే జీపు ఎక్కించి అదే హోమ్‌లో పెడతారు, పిల్లలు బయట ఒంటరిగా. ఇద్దరికీ ఒకే పేరు పెట్టడం వల్లే ఇద్దరికీ నష్టం.

ఆశ్రయం_అక్క | ఆదివారం రాత్రి 10:15

అది నిజం. నేను కాదనను. పెద్దవాళ్ళు గేటు దగ్గర నిలబడి నా పిల్లలు అని ఏడిస్తే నేనూ నిద్రపోలేదు. ఒకటి మాత్రం ఈ రీసెర్చ్ చేసే అమ్మాయి రాసుకోవాలి. వేరే రాష్ట్రంలో రెస్క్యూ అయిన మన పిల్లల స్టేట్‌మెంట్ ఆ రాష్ట్రం భాషలో రాస్తారు. పిల్ల తెలుగులో చెప్తుంది, ఎవరో హిందీలోకి మారుస్తారు, ఇంకెవరో మరాఠీలో రాస్తారు. ఒకసారి ఆ మధ్యలో మార్చి చెప్పిన మనిషి పిల్లని ఉంచిన ఆ ఇంటికి తెలిసినవాడే అని మాకు ఆరు నెలల తర్వాత తెలిసింది. పిల్ల "నన్ను కొట్టి పంపారు" అంటే కాగితం మీద "ఇష్టపడి వచ్చాను" అని ఉంది. ఇంకో కేసులో ఉల్టా. పెద్దావిడ "నేనే వచ్చాను, వెళ్ళనివ్వండి" అంటే "మోసపోయాను" అని రాశారు. కాబట్టి కాగితాలు చూసి ఎవరు ఇష్టంతో వచ్చారు ఎవరు బలవంతంగా వచ్చారు అని లెక్క కట్టొద్దు, మాలాంటి వాళ్ళ ఫైళ్ళు చూసి కూడా కట్టొద్దు.

మంచుఊరు | సోమవారం ఉదయం 6:30

నేను టొరంటోలో సోషల్ వర్క్ చదివి ఇప్పుడు వలసవచ్చిన ఆడవాళ్ళతో పనిచేస్తున్నా. ఇక్కడి తెలుగు స్టూడెంట్స్‌కి ఒకటి చెప్తే ఆశ్చర్యపోతారు, చదువయ్యాక వచ్చే వర్క్ పర్మిట్ తీసి కింద షరతులు చదవండి. స్ట్రిప్ క్లబ్బులు, మసాజ్ పార్లర్లు, ఎస్కార్ట్ సర్వీసుల్లాంటి సెక్స్ ట్రేడ్ వ్యాపారాల్లో పనిచెయ్యడానికి అనుమతి లేదు అని అచ్చేసి ఉంటుంది. నా దానిమీద కూడా ఉంది. ఆ లైను నేను రెండేళ్ళు చూడనే లేదు, ఎందుకంటే అది నా గురించి కాదనుకున్నా.

ఆ లైన్ ఏం చేస్తుందంటే, కెనడాలో 2014 చట్టం ప్రకారం ఈ పని చేసే మనిషి తన సేవ తాను అమ్ముకుంటే శిక్ష లేదు, కొనేవాడికి ఉంది. అది ఇక్కడ పుట్టిన ఆమెకి. టెంపరరీ పర్మిట్ మీద ఉన్న చైనా ఆమెకో థాయ్ ఆమెకో అదే పని దేశం నుంచి పంపించెయ్యడానికి కారణం అవుతుంది. మరి దోపిడీ జరిగితే పోలీసులకి ఫోన్ చేస్తుందా? చెయ్యదు. చెయ్యదని దోచేవాడికీ తెలుసు. న్యూజిలాండ్ 2003లో ఈ పనిని నేరాల్లోంచి తీసేసిందని అందరూ మెచ్చుకుంటారు, అక్కడ కూడా టెంపరరీ వీసావాళ్ళకి మాత్రం నిషేధం. రక్షించడానికే అని చెప్తారు రెండు చోట్లా.

ఇంటర్‌సెక్షనాలిటీ అన్న మాట అమెరికా లా ప్రొఫెసర్ కింబర్లీ క్రెన్షా 1989లో ఎందుకు వాడిందో ఒకసారి గుర్తు చేస్తా, ఎందుకంటే అది ఇప్పుడు ఫండింగ్ అప్లికేషన్లలో అలంకారం అయిపోయింది. జనరల్ మోటార్స్ మీద ఐదుగురు నల్లజాతి ఆడవాళ్ళు కేసు వేశారు. ఆ కంపెనీ 1964కి ముందు నల్లజాతి ఆడవాళ్ళని అసలు తీసుకోలేదు, తర్వాత సీనియారిటీ లెక్కన తీసేసేటప్పుడు అందరికంటే ముందు వీళ్ళే పోయారు. కోర్టు 1976లో ఏమందంటే కంపెనీలో ఆడవాళ్ళు ఉన్నారు కదా (తెల్లవాళ్ళు), నల్లవాళ్ళు ఉన్నారు కదా (మగవాళ్ళు), రెండూ కలిపి కొత్త కేసు చెయ్యకండి అని. పాలమూరు అక్క చెప్పిన పీటముడినే కోర్టు చూడను పొమ్మంది. కరువుసీమ గారూ, మీ గైడ్ అడిగిన నాలుగు చాప్టర్లు ఆ కోర్టు తీర్పులాగే ఉన్నాయి, ఆయనకి ఈ కేసు చెప్పి అడగండి.

జాతి సంగతి. అమెరికాలో 1875లోనే పేజ్ యాక్ట్ అని పెట్టి చైనా ఆడవాళ్ళు ఓడ ఎక్కకముందే హాంకాంగ్‌లో ప్రశ్నలు వేసేవాళ్ళు, నువ్వు ఆ పనికి వెళ్తున్నావా అని. పెళ్ళాలు కూడా రాలేకపోయారు. 2021 మార్చిలో అట్లాంటా స్పాల్లో ఒకడు కాల్పులు జరిపితే ఎనిమిది మంది చనిపోయారు, ఆరుగురు ఆసియా ఆడవాళ్ళు. వాళ్ళు ఏ పని చేసేవాళ్ళు అన్నది అనవసరం, ఆసియా ఆడది, మసాజ్ పార్లర్ అన్న రెండు మాటలు కలిస్తే చాలు వాడి బుర్రలో బొమ్మ తయారుగా ఉంది, నూటయాభై ఏళ్ళ పాత బొమ్మ. అందుకే ఇక్కడ బటర్‌ఫ్లై అనే ఆసియా, వలస సెక్స్ వర్కర్ల సంస్థ ఉంది, వాళ్ళు సర్వేలు చేస్తే ప్రశ్నలు తయారుచెయ్యడం దగ్గర్నుంచి ఆ పనిలో ఉన్నవాళ్ళే ఉంటారు.

కాకపోతే కులం అంటే జాతే అని నేరుగా అతికించకండి. కెనడాలో మొహం చూసి తెలుస్తుంది, మన దగ్గర ఇంటిపేరు అడిగి తెలుసుకుంటారు. మీ ఇంటర్వ్యూలో ఆ అడగడమే కదా జరిగింది.

లెక్కలమాస్టారు | సోమవారం ఉదయం 8:05

నిన్నటి నుంచి అందరివీ చదువుతున్నాను. నేను చెప్పిన ఇంటరాక్షన్ టర్మ్ తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ గోదారిగట్టు గారు చెప్పిన "రోడ్డు" అన్న టిక్కును నేను పదేళ్ళు నమ్మి టేబుళ్ళు వేశాను. ఊరు అన్న కాలమ్‌లో హైదరాబాద్ అని వచ్చిన ప్రతిసారీ హైదరాబాద్ అనే లెక్కేశాను. అందులో ఎన్ని ఈ అమ్మాయి విన్న హైదరాబాద్‌లాంటివో నాకిప్పుడు తెలీదు. అది మనసులో తిరుగుతోంది.

కరువుసీమ | సోమవారం రాత్రి 10:50

అందరికీ ఎట్లా థాంక్స్ చెప్పాలో తెలీట్లేదు. పాలమూరు అక్కా, నువ్వు చెప్పింది నాలుగుసార్లు చదివా. నాకు ఆ రోజు బాధేసింది నన్ను దూరం పెట్టిందని, ఆమె ఎందుకు దూరం జరగాల్సి వచ్చిందో అది నా వైపు నుంచి చూస్తే కనపడేది కాదు.

మంచుఊరు గారు చెప్పింది చదివితే మా పిన్నమ్మ గుర్తొచ్చింది. కువైట్‌లో తొమ్మిదేళ్ళు ఇంటిపని, ఖద్దామాగా. పాస్‌పోర్టు సేఠ్ దగ్గర. ఊరికొచ్చి ఇల్లు కట్టింది. ఊళ్ళో అనే మాట ఏంటంటే "అరబ్ డబ్బు యాడి నుంచి వచ్చినాదో అందరికీ తెల్సు". ఆమె చేసింది గిన్నెలు తోమే పని, అయినా ఒంటరిగా పోయి డబ్బుతో తిరిగొచ్చిన ఆడమనిషి కాబట్టి ఆ ముద్ర పడిపోయింది. ఆమె కూతుర్ల పెళ్ళిళ్ళకి కూడా ఆ మాట వచ్చింది. బుధవార్ పేఠ్ ఆమె "హైదరాబాద్" అనడానికి, మా పిన్నమ్మ ఊళ్ళో తల దించుకు నడవడానికి కారణం ఒకటే కదా, మళ్ళీ ఇద్దరి కులం వేరు, ఇద్దరికీ దొరికిన దారులు వేరు. పిన్నమ్మకి పాస్‌పోర్టు తీయడానికి పొలం కుదువ పెట్టారు, పెట్టడానికి పొలం ఉంది.

పేరులేదు | మంగళవారం మధ్యాహ్నం 12:20

నేను ఫోన్లో మాట్లాడి రాయిస్తున్నా తప్పులుంటే మీరే సరిచేసుకోండి. నేను ఈ పనిలోనే ఉన్నా. మహారాష్ట్రలోనే. ఏ ఊరో చెప్పను. ఇప్పుడు మా సంఘంలో కూడా పనిచేస్తా. మా అమ్మాయి ఈ చర్చ చూపించింది, మొత్తం చదివి వినిపించింది.

మా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కళ్ళూ మొదట అడిగేది ఏ ఊరు. రెండోది ఎట్లా వచ్చావు ఈ లైన్‌లోకి. చదువుకున్న పిల్లలు, పేపరోళ్ళు, డాక్టరమ్మలు అందరూ అదే. పోలీసు స్టేషన్లో కూడా అదే రెండు ప్రశ్నలు, అదే వరస. నువ్వు మంచిగా అడిగినా ఆమెకి వినపడింది స్టేషన్ ప్రశ్న. మాకు ఒక్కొక్కళ్ళకి ఒక్కో కథ తయారుగా ఉంటుంది, ఎన్‌జీవోకి ఒకటి, పోలీసుకి ఒకటి, గిరాకీకి ఒకటి. అబద్ధం అనుకోవద్దు, అది తలుపు గొళ్ళెం.

తెలుగు వాళ్ళంటే మాకు ప్రేమే, భయం కూడా తెలుగు వాళ్ళంటేనే. మార్వాడీ చూస్తే ఏం కాదు. మా ఊరి లారీ డ్రైవర్ ఒక్కడు చూస్తే మా తమ్ముడి పెళ్ళి ఆగిపోతుంది. నెలనెలా డబ్బు పోతుంది ఇంటికి, అందరికీ ఎక్కడి నుంచి వస్తుందో తెలుసు, కానీ నోటితో అనరు. నోటితో అనే మనిషి వస్తే అయిపోయింది. నువ్వు అనంతపురం అని చెప్పగానే ఆమె కడుపులో ఏమైందో నాకు తెలుసు.

ఇంకా రంగు అని ఎవరో రాశారు. నేపాలీ పిల్లకి, బెంగాలీ పిల్లకి ఒక రేటు మాకు ఒక రేటు. తెల్లగా ఉంటే ఎక్కువ. మమ్మల్ని మద్రాసీ అంటారు, తెలుగు అని కూడా అనరు. వయసు పెరిగితే రేటు తగ్గుతుంది కానీ నల్లగా ఉన్నదానికి వయసు ముందే వస్తుంది. ఇది రాస్తారా మీ పుస్తకంలో? ఘర్‌వాలీ, అంటే ఆ ఇల్లు నడిపే ఆమె, కూడా మా తెలుగు ఆమే, ఆమె కూడా ఇట్లానే వచ్చింది, ఆమెని దొంగ అని రాయొద్దు, దేవత అని కూడా రాయొద్దు.

లాక్‌డౌన్‌లో రేషన్ అన్నారు లాయరు గారు. మా గల్లీలో మరాఠీ వాళ్ళకి మొదట తెలిసింది, ఎందుకంటే చెప్పినాయన మరాఠీలో చెప్పాడు. నేపాలీ వాళ్ళు భయపడి బయటికే రాలేదు. మేము మూడో రోజు పోయాం, అయిపోయింది అన్నారు. మా సంఘం వాళ్ళు కొట్లాడితే ఇంకో విడత వచ్చింది.

కరువుసీమ | మంగళవారం మధ్యాహ్నం 12:58

అక్కా, మీరు రాశారంటే నాకు చేతులు వణుకుతున్నాయి. మీ మాటలు నా థీసిస్‌లో వాడను, మీరు ఇక్కడ మాట్లాడింది ఇక్కడికే. కానీ అడుగుతున్నా, ఏం అడగాలి నేను? ఊరు అడగకుండా, ఎట్లా వచ్చారని అడగకుండా?

పేరులేదు | మంగళవారం సాయంత్రం 4:10

వాడుకో పర్లేదు, పేరు లేదుగా. గదికి అద్దె ఎంత, ఎవరికి కడతావు, రోజుకా వారానికా అని అడుగు. దాంట్లోనే అన్నీ వస్తాయి. గ్యాస్ బండ ఎవరి పేరు మీద ఉంది అని అడుగు. పిల్లలు ఏ బడి, ఫీజు కట్టడానికి ఎవరు పోతారు అని అడుగు. జ్వరం వస్తే ఏ డాక్టరు, ఆయన చెయ్యి పట్టి చూస్తాడా దూరం నుంచే మందు రాస్తాడా అని అడుగు. పండక్కి ఇంటికి పోతావా, పోతే ఏ స్టేషన్లో దిగుతావు అని అడుగు, కొందరు మా ఊరి స్టేషన్ కంటే రెండు స్టేషన్లు ముందే దిగి ఆటోలో రాత్రికి పోతారు. ఊరు అడక్కపోయినా ఊరు వచ్చేస్తుంది, చెప్పాలనుకున్న వాళ్ళు చెప్తారు.

టైమ్ కూడా చూసుకో. పొద్దున పది లోపల నిద్ర. సాయంత్రం ఆరు దాటితే గిరాకీ టైం, నువ్వు కూర్చుంటే ఆమెకి నష్టం. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు. ఆమె టైమ్ తీసుకుంటున్నావు కాబట్టి డబ్బు ఇవ్వు, కానుక అని కాదు, టైముకి ఇంత అని ముందే చెప్పి ఇవ్వు. గాజులు, చీరలు తేవద్దు.

పాలమూరు_పోరి | మంగళవారం సాయంత్రం 5:30

అక్క చెప్పిన రెండు స్టేషన్లు ముందు దిగుడు చదివి ఏడ్చిన. మా దిక్కు ఇదే, మక్తల్ పోవాల్సినోళ్ళు మహబూబ్‌నగర్ల దిగుతరు. చెల్లె, గైడ్‌తో గొడవ పెట్టుకోకు. చాప్టర్లు విడగొట్టుడు తప్పదంటే అద్దె ఒక చాప్టర్, బడి ఒక చాప్టర్, స్టేషన్ ఒక చాప్టర్ అని పెట్టు. ఒక్కో దాంట్ల కులం, ఆడతనం, వలస, రంగు అన్నీ కలిసే వస్తయి, నువ్వు పని గట్టుకుని తేవాల్సిన పని లేదు.

కరువుసీమ | మంగళవారం రాత్రి 9:25

అక్కా (పాలమూరు అక్కా), ఇది రాసుకుని రేపు గైడ్ గారి దగ్గరికి పోతున్నా. జనరల్ మోటార్స్ కేసు కూడా ప్రింట్ తీసుకున్నా. మొదటి పేజీ ఫారం మొత్తం తీసేశా, వయసు మాత్రం ఉంచా, పద్దెనిమిది దాటారా లేదా అన్నది తెలియాలి కదా, ఆశ్రయం అక్క అడిగిన పిల్లల విషయం నేను పక్కన పెట్టలేను. చిన్నపిల్ల కనపడితే ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నది పీర్ వర్కర్లతో కూర్చుని ముందే రాసుకుంటా.

పేరులేదు అక్కా, ఒక్కటే ఇంక. ఆ రోజు ఇంటర్వ్యూ ఇచ్చినామె హైదరాబాద్ అని చెప్పింది కదా. ఆమె మా వైపు అని నాకు తెలుసు. థీసిస్‌లో ఏమని రాయాలి?

పేరులేదు | బుధవారం మధ్యాహ్నం 1:45

హైదరాబాద్ అని చెప్పింది కదా, హైదరాబాద్ అనే రాయి. మళ్ళీ వెళ్తావు కదా ఆమె దగ్గరికి. ఆ ఊరి సంగతి ఎత్తకు. శుక్రవారం వద్దు, మాకు శుక్రవారం పూజ ఉంటుంది, ఆమెకి కూడా ఉంటుందేమో. గురువారం పో. బియ్యం ఏరుతా ఉంటే నువ్వు కూడా ఒక పిడికెడు తీసుకుని ఏరు.